దిగువకు వెతికారు

1985 డిసెంబరు 30, సోమవారం, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో, లక్షదీవుల్లోని ఒక దీవి ఒడ్డున బాన్సువాడ రైతు హరనాథబాబు నీళ్ళలో కనపడకుండా పోయాడు. అప్పటికి అతని ముఖానికి అద్దం, నోట్లో గొట్టం ఉన్నాయి. ఒంటి మీద నిక్కరు, బనియను. చొక్కా, గడియారం, చెప్పులు ఒడ్డున భార్య శాంతకుమారి దగ్గర ఉన్నాయి.

వచ్చినవాళ్ళు ఐదుగురు. హరనాథబాబు, శాంతకుమారి, కాలేజీలో చదివే కూతురు రాధాకుమారి, వాళ్ళ పొలం గట్టు పక్క రైతు పండరి, అతని భార్య గంగమణి. హరనాథబాబు తమ్ముడు కొచ్చిన్ రేవులో పనిచేస్తాడు. ఓడ టికెట్లు అతనే తీసి పెట్టాడు. హరనాథబాబు తండ్రి తెనాలి వైపు నుంచి వచ్చి బాన్సువాడ పక్కన వలస రైతుల క్యాంపులో స్థిరపడ్డాడు. పండరి వాళ్ళు తాతల నాటి నుంచి అక్కడివాళ్ళే. రెండు పొలాలకూ ఒకే పిల్లకాలువ. నీళ్ళ దగ్గర మొదలైన మాటలు వరసల దాకా వచ్చాయి. పండరికి హరనాథబాబు బావ, శాంతకుమారి చెల్లె.

బయల్దేరేటప్పటికి నారు పోసి పది రోజులైంది. నిజాంసాగర్ కాలువ ఇంకా వదల్లేదు. బావి నీళ్ళు మరో వారానికి సరిపోతాయి. పొలం పనికి జీతం ఉండే ముత్తెన్నకు అప్పజెప్పి వచ్చారు. హరనాథబాబు అప్పజెప్పాడు గాని వదల్లేదు. కొచ్చిన్ స్టేషన్‌లో తమ్ముణ్ణి మొట్టమొదట అడిగింది బాన్సువాడకు ఫోన్ కలుస్తుందా అని. కలవలేదు. ఓడలో రెండు రాత్రులు పడక మీద లేచి కూర్చున్నాడు. "దాళ్వాకు ఈసరికి వదిలి ఉండాలే," అనేవాడు. శాంతకుమారి అటు తిరిగి పడుకునేది.

"బావా, కాలువ లష్కర్‌ను గూడ ఓడల ఎక్కిచ్చుకొని రావల్సింది గద," అన్నాడు పండరి పొద్దున్న టీ దగ్గర. "కాలువ వదిలిన్రా అని నువ్వు అడుగుతనే ఉందువు, ఆయన చెప్తనే ఉండు."

"నవ్వు. నీ నారు కూడా ఎండుతుంది."

"నాది ఎండితే నీది ఎండదా? ఇద్దరిదీ ఒక్కటే తూము. ఇగ ఫికర్ నువ్వొక్కనివి జేస్తే సాలు, నా పాలుది గూడ నువ్వే జెయ్యి."

ఓడ దూరాన ఆగింది. పడవల మీద ఒడ్డుకు తెచ్చారు. నాలుగింటికి అందరూ తిరిగి పడవల దగ్గర ఉండాలని చెప్పారు. ఎడమ చేతి వైపు పడవల రేవు, ఊరు. కుడి చేతి వైపు కొబ్బరి చెట్లు, వాటి చివర లైట్‌హౌస్. మధ్యలో ఇసుక. అక్కడ ఒక మనిషి అద్దాలు, గొట్టాలు ఇస్తున్నాడు. హిందీలో చెప్పాడు. ముఖం నీళ్ళలో పెట్టాలి, నోటితో గాలి పీల్చాలి, కాళ్ళు కొట్టకుండా తేలాలి. దూరాన తెల్లగా నురగ కనిపించే చోటు దాకా నడుము లోతే. దాన్ని దాటకూడదు.

ఐదుగురికి రెండు జతలు వచ్చాయి. మొదట రాధాకుమారి దిగింది. లేచి, గొట్టం ఊడబెరికి, పసుపు చారల చేపలు కాళ్ళ మధ్య నుంచి పోతున్నాయని చెప్పి మళ్ళీ ముఖం ముంచింది.

"మా బర్రెలు గిట్లనే పండుకుంటయి నీళ్ళల్ల," అన్నది గంగమణి. "వాటికి గొట్టం లేదు, గంతే ఫరక్."

"నువ్వూ దిగు వదినా," అన్నది శాంతకుమారి.

"నేను దిగితె చేపలు ఒడ్డుకొస్తయి. నువ్వు దిగు, సూస్త."

శాంతకుమారి చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాళ్ళ దాకా దిగింది. అద్దం పెట్టుకుని వంగింది. తన పాదాలు, వాటి పక్కన రాయి లాంటిది ఒకటి కనిపించాయి. ఆ రాయి కదిలింది. ఆమె ఒడ్డుకు వచ్చేసింది. గంగమణి నవ్వు ఆపడానికి పైట నోట్లో కుక్కుకుంది.

పండరి దిగలేదు. ఆరేళ్ళ కింద అతని తమ్ముడు దేవిదాస్ కాలువలో పోయాడు. మూడు రోజులు వెతికారు. లష్కర్ షట్టర్ దించి నీళ్ళు తగ్గించాడు. పండరి, హరనాథబాబు కాలువ గట్టు మీద దిగువకు నడిచారు. మూడో రోజు ఇంకో షట్టర్ దగ్గర దొరికాడు. అప్పటి నుంచి పండరి కాలువలో కాలు పెట్టలేదు. చెంబుతో నీళ్ళు తోడుకుని గట్టు మీద కడుక్కుంటాడు. ఏ నీళ్ళ పక్కన కూర్చున్నా ముందు అవి ఎటు పారుతున్నాయో చూసుకుంటాడు. ఇక్కడా అంతే. ఎండిన కొబ్బరి పీచు ముక్క ఒకటి నీళ్ళలో వేశాడు. అది లైట్‌హౌస్ దిక్కుకు పోయింది. అది చూశాకే కూర్చున్నాడు.

ఓడ వాళ్ళిచ్చిన పొట్లాలు తిన్నాక హరనాథబాబు లేచాడు. చొక్కా విప్పి భార్యకిచ్చాడు. గడియారం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"దూరం పోకండి," అన్నది శాంతకుమారి.

"నడుము లోతన్నాడుగా. కాసేపు మనసు మళ్ళుతుంది."

అతను బోర్లా పడుకుని తేలాడు. వీపు, గొట్టం కొస మాత్రం పైన ఉన్నాయి. శాంతకుమారికి అలా చూడడం నచ్చలేదు. కాలువలో అలా తేలే మనిషిని ఆమె ఒక్కసారే చూసింది. కళ్ళు తిప్పుకుని పొట్లాల కాగితాలు మడిచింది. రాధాకుమారి తల తుడుచుకోవడానికి తువ్వాలు వెతికి ఇచ్చింది. మళ్ళీ చూస్తే అతను లేడు.

నీళ్ళలో ఇంకా పదిమంది దాకా ఉన్నారు. ఒక్కొక్క వీపూ చూసింది. బనియను ఉన్న వీపు లేదు. అతని గొట్టానికి కొసన ఎర్ర రంగు. నీళ్ళ మీద ఎరుపు లేదు.

"అన్నయ్యా, మీ బావ కనపడడం లేదు."

పండరి కూర్చున్నచోటి నుంచి లేచాడు. "ఏడ ఉండె?"

"అక్కడే. ఆ నల్లరాయికి ఇవతల."

పండరి అద్దాలిచ్చే మనిషి దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాడు. ఇంటి దగ్గర ఇలాంటప్పుడు మొదట చేసే పని ఒకటే. లష్కర్‌కు చెప్పి షట్టర్ దించమనడం. "యహా పానీ బంద్ కర్నేవాలా కౌన్?" అని అడిగాడు. ఇక్కడ నీళ్ళు బందు చేసేదెవరని. ఆ మనిషికి అర్థం కాలేదు. పండరి మళ్ళీ అడిగాడు. ఆ మనిషి సముద్రం వైపు చూపించి, లోతు లేదు, భయం లేదు, వస్తాడు అన్నాడు.

"దేవిదాస్ మునిగిన కాడ గూడ మోకాలు లోతే ఉండె," అన్నాడు పండరి తెలుగులో. "చెల్లె, నడువు. నీళ్ళు ఎటు పోతే మనిషి గటే పోతడు. దిగువకు పోదాం."

దిగువ అంటే లైట్‌హౌస్ దిక్కు. పండరి ముందు నడిచాడు. కొంత దూరం పోయాక నీళ్ళలోకి దిగాడు. పంచె తడిసి కాళ్ళకు చుట్టుకుంది. అయినా ఆగలేదు. ఛాతీ లోతులో చేతులతో నీళ్ళు తడుముతూ పోతున్నాడు. పండరికి ఈత రాదు. ఆ సంగతి శాంతకుమారికి తెలుసు, గంగమణికీ తెలుసు. రాధాకుమారి "నాన్నా" అని పిలుస్తూ, "మామయ్యా ఆగండి" అని అరుస్తూ అతని వెంట దిగింది. అద్దాలిచ్చే మనిషి కూడా పరుగెత్తాడు.

శాంతకుమారి ఒడ్డు వెంట నడిచింది. ఒక చేతిలో చొక్కా, గడియారం. ఇంకో చేతిలో చెప్పులు. "ఏమండీ" అని పిలిచింది. గాలికి అది తనకే వినపడలేదు. గడియారం చూసింది. కొంచెం నడిచి మళ్ళీ చూసింది. కాళ్ళ దగ్గరకు కొబ్బరి పీచు ముక్క ఒకటి వచ్చింది. పండరి వేసిందో ఇంకోటో. అది ఆమెకు ఎదురు వచ్చి, ఆమెను దాటి, వెనక్కి రేవు వైపు పోయింది.

ఆమె ఆగింది. చేతిలోని చెప్పు ఒకటి నీళ్ళలో వేసింది. చెప్పు కూడా రేవు వైపే పోయింది.

కాలువ పక్కన పుట్టి పెరిగిన మనిషి ఆమె. వదిలితే పారుతుంది, కట్టేస్తే ఆగుతుంది. వెనక్కి పారే నీళ్ళు చూడలేదు.

"అన్నయ్యా, నీళ్ళు మళ్ళాయి. అటు కాదు." పండరి చాలా దూరంలో ఉన్నాడు. తిరిగి చూడలేదు.

"వదినా, నాతో రా," అన్నది గంగమణితో.

"ఆయన ఆడ నీళ్ళల్ల..."

"రాధ ఉంది. ఆ మనిషి ఉన్నాడు. నువ్వు రా."

ఇద్దరూ రేవు వైపు పరుగులాంటి నడక నడిచారు. నల్లరాయి దాటారు. పొట్లాలు తిన్న చోటు దాటారు. ఇరవై ఏళ్ళ కాపురంలో శాంతకుమారి మొగుణ్ణి పేరు పెట్టి పిలవలేదు. అప్పుడు పిలిచింది. "హరనాథబాబూ" అని, నీళ్ళ వైపు తిరిగి, రెండుసార్లు. గంగమణి ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

రేవు దగ్గర బోర్లించిన పడవ పక్కన ఇసుకలో అద్దం, గొట్టం ఉన్నాయి. గొట్టం కొసన ఎరుపు. అద్దం మీద ఇసుక పడకుండా ఆకు కప్పి ఉంది.

వలలు బాగు చేసుకుంటున్న ముసలాయన వాళ్ళను చూశాడు. శాంతకుమారి చొక్కా ఎత్తి చూపించింది. ఆయన ఊరి వైపు చెయ్యి చూపి, వేళ్ళతో బల్ల మీద టకటక కొట్టినట్టు చేశాడు.

తపాలా ఆఫీసు రెండో సందులో ఉంది. హరనాథబాబు లోపల బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. భుజాల మీద ఎవరిదో తువ్వాలు. బెంచీ కింద నీళ్ళు కారి మడుగు కట్టాయి. బల్ల వెనక గుమాస్తా, బల్ల మీద నింపిన తంతి కాగితం. శాంతకుమారి గుమ్మంలో నిలబడింది. హరనాథబాబు తలెత్తాడు.

"చొక్కా తెచ్చావా?" అన్నాడు. "డబ్బులు అందులో ఉన్నాయి. వీడు ముందు డబ్బు కట్టమంటాడు."

శాంతకుమారి చొక్కా ఇవ్వలేదు.

"తలెత్తి చూస్తే రేవు పక్కనున్నాను," అన్నాడతను. "ఎప్పుడు కొట్టుకొచ్చానో తెలీదు. ఈ బోర్డు కనపడింది. రెండు నిమిషాల పని, ఇచ్చేసి వద్దామనుకున్నా. డబ్బు కోసం వెళ్ళొచ్చే లోపల మూసేస్తానన్నాడు. ఎవరన్నా ఓడవాళ్ళు ఇటొస్తారేమోనని..."

"పండరి అన్నయ్య మిమ్మల్ని నీళ్ళలో వెతుకుతున్నాడు."

"ఎవరు?"

"పండరి అన్నయ్య. లైట్‌హౌస్ దగ్గర. ఛాతీ లోతులో."

హరనాథబాబు లేచాడు. తువ్వాలు కింద పడింది.

"ఉరుకు అన్నా," అన్నది గంగమణి. "ఆయనకు ఈత రాదు."

అతను చెప్పులు లేకుండా పరుగెత్తాడు. గంగమణి వెంట పోయింది.

శాంతకుమారి బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి గుమాస్తా, కాగితం పంపాలా వద్దా అని హిందీలో అడిగాడు. ఏం రాశాడని ఆమె అడిగింది. గుమాస్తా చదివి చెప్పాడు. ముత్తెన్నకు. కాలువ వదిలారా, వెంటనే జవాబు పంపు.

"జవాబు ఎక్కడికి రావాలి?" అన్నాడు గుమాస్తా. "సాయంత్రం మీ ఓడ వెళ్ళిపోతుంది. నేను ఆయన్ని అదే అడిగాను. ఆయన చెప్పలేదు."

శాంతకుమారి ఆ మాటలు కొట్టేయించింది. వేరే చెప్పి రాయించింది. చొక్కా జేబులోంచి డబ్బు తీసి కట్టింది. పంపేవారి పేరు అడిగితే తన పేరు చెప్పింది.

ఆమె ఒడ్డుకు వచ్చేటప్పటికి పండరి ఇసుకలో కూర్చుని ఉన్నాడు. హరనాథబాబు ఎదురుగా నిలబడి ఉన్నాడు. పండరి అతని ముఖం చూడకుండా తడి పంచె కొస పిండుకుంటున్నాడు.

"బావా, నన్ను ఒక మాట అను," అన్నాడు హరనాథబాబు.

"నేను దిగువకు ఎతికిన," అన్నాడు పండరి. "నువ్వు ఎగువకు పోతివి. గట్ల పోతరా ఎవరన్న?" అన్నాడు.

నాలుగింటికి పడవ ఎక్కారు. గంగమణి శాంతకుమారి పక్కన కూర్చుని చెవిలో, "పేరు పెట్టి పిలిస్తివి వదినె. ఓడ దాంక ఇనొచ్చి ఉంటది," అన్నది. శాంతకుమారి నవ్వలేదు. తరువాత నవ్వింది. పండరి కుడి చేత్తో హరనాథబాబు మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. పడవ ఓడను ఆనేదాకా, నిచ్చెన ఎక్కేదాకా వదల్లేదు. రేవు వైపు కొట్టుకుపోయిన చెప్పు దొరకలేదు.

జనవరి మూడున వాళ్ళు బాన్సువాడలో బస్సు దిగారు. అప్పటికి కాలువ పారుతోంది. ఓడ ఎక్కిన రోజునే వదిలారని ముత్తెన్న చెప్పాడు. రెండు నారుమళ్ళకూ నీళ్ళు పెట్టి ఉన్నాయి.

తంతి అయిదో తేదీన వచ్చింది. ముత్తెన్న, హరనాథబాబు పొలంలో ఉన్నారు. శాంతకుమారి సంతకం పెట్టి తీసుకుంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని రాధాకుమారి తెలుగులో చదివింది. నీళ్ళు వస్తే పండరి మడికి కూడా పెట్టు. అందరం క్షేమం. శాంతకుమారి.