బొగ్గింజన్ తాగిన నీళ్లు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు అరవై ఏళ్లు దాటాక వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పితే మన్నించండి. చెయ్యి కూడా నిదానం. ఈ నాలుగు కాగితాలకు ఎండాకాలమంతా పట్టింది.

కట్టంగూర్ దాటాక, హైవే పక్కన దామోదర్ అనే ఆయన పిల్లల పార్కు పెట్టాడు. రంగులరాట్నం, జారుడుబండ ఎక్కడైనా ఉంటాయి. తన పార్కులో మాత్రం నిజంగా బొగ్గు తిని, నిజంగా పొగ వదిలే చిన్న రైలు ఉండాలని ఆయన పట్టు. ఎక్కడో దూరాన ఒక కార్ఖానాలో చేయించి లారీ మీద తెచ్చాడు. ఇంజన్ మనిషి భుజమంత ఎత్తు. వెనక నాలుగు డబ్బాలు. పార్కు చుట్టూ పట్టాలు.

దాన్ని నడపడానికి ఆలేరు నుంచి ఇద్రీస్‌ను పిలిపించాడు. ఇద్రీస్‌కు డెబ్బై రెండేళ్లు. వయసులో ఉన్నప్పుడు రైల్వేలో ఫైర్‌మన్. పద్దెనిమిదేళ్లు బొగ్గింజన్ పొయ్యిలోకి పారతో బొగ్గు ఎత్తి పోశాడు. బొగ్గింజన్లు పోయాక మిగిలిన నౌకరీ అంతా గోదాములో సామాన్లు అందిస్తూ గడిపాడు. ఏం పని చేసేవాడివని ఎవరైనా అడిగితే ఆ గోదాము సంగతి ఎత్తేవాడు కాదు.

పార్కుకు వచ్చిన రోజు ఇంజన్ మీద చెయ్యి వేసి చాలాసేపు ఊరికే నిలబడ్డాడు.

"ఏంది చాచా, గంత ముద్దు?" అని నవ్వాడు దామోదర్.

"డీజిలు బండి తాళంచెయ్యి తిప్పుతే లేస్తది సాబ్. దీన్ని లేపాల్నంటే పొద్దుగాల మూడు గంటలు పక్కన కూసోవాలె. తిన్నదా, తాగిందా అని అర్సుకోవాలె. జర పట్టించుకోకుంటే అలుగుతది. గందుకే ముద్దు."

ఇంజన్ లోపల, నడిపేవాడి కళ్లెదురుగా వేలంత లావు గాజు గొట్టం ఉంటుంది. అందులో నీళ్లు ఎంత ఎత్తులో కనిపిస్తే బాయిలర్‌లో అంత ఉన్నట్టు. బాయిలర్‌లో నీళ్లు తగ్గిపోయి, కింద మంట అలాగే ఉంటే, రేకు ఎర్రగా కాలి మెత్తబడి ఇంజన్ పేలుతుంది. అందుకే ఇద్రీస్ రోజూ పొద్దున గాజు కింద కుళాయిలా ఉన్న చిన్న మరను తిప్పేవాడు. గాజులోని నీళ్లన్నీ బుస్సున కిందికి పోవాలి. మర కట్టేయగానే మళ్లీ పైకి ఎగరాలి. ఎగిరితే గాజు అబద్ధం చెప్పడం లేదన్నమాట.

ఇరవై రోజులు వట్టి డబ్బాలతో నడిపి చూశారు. ఇరవై ఒకటో రోజు, ఆదివారం, పార్కు తెరిచారు. కొబ్బరికాయలు కొట్టారు, ఇంజన్‌కు పసుపు కుంకుమ పెట్టారు, నిమ్మకాయలు కట్టారు. ఆ సందడిలో ఇద్రీస్ మర తిప్పలేదు. గాజులో ముప్పావు వంతు నీళ్లు కనిపించాయి, చాలనుకున్నాడు.

మొదటి చుట్టు బాగానే తిరిగింది. గొర్రెల కాపరి బీరప్ప మనవరాలు మల్లికను తీసుకొచ్చాడు. గుడిలోకి పోయినట్టు చెప్పులు కింద విడిచి డబ్బా ఎక్కాడు. దిగాక పిల్ల ఏడిస్తే మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. రెండో చుట్టుకు డబ్బాలు నిండుతుంటే, ఇద్రీస్ చాయ్ తాగడానికి వంటశాల దగ్గరికి వెళ్లాడు. అక్కడ వంటమనిషి గుర్వమ్మ మీద దామోదర్ మండిపడుతున్నాడు.

"అన్నమై గంటయింది. పప్పేది?"

"ఉడుకుతలేదు సారూ. మూడు గంటలాయె. గీ బోరు నీళ్లల్ల పప్పు ఉడుకుడేమో గానీ నా పాణం ఉడుకుతాంది."

"మంట పెంచరాదు?"

"మంటేం జేస్తది, రోగం నీళ్లల్ల ఉంటే? ఊళ్లకెల్లి నల్లా నీళ్లు తెప్పియ్యమని పది రోజుల సంది మొత్తుకుంటున్న. గీ గిన్నె చూడు, గోకినా పోతలేదు!"

ఆమె వంచి చూపించిన గిన్నె లోపలంతా సున్నం పూసినట్టు తెల్లగా గడ్డకట్టి ఉంది. ఇద్రీస్ చేతిలో చాయ్ గ్లాసు సగంలో ఆగింది.

"ఎన్నొద్దుల గిన్నె బిడ్డా ఇది?"

"కొత్తదే చాచా. నువ్వొచ్చిన్నాడు తీసిన."

ఇంజన్ తాగుతున్నది ఆ బోరు నీళ్లే. రైల్వేలో నీళ్ల సంగతి చూడడానికి వేరే మనుషులు ఉండేవారు. నీళ్లలో మందు కలిపేవాళ్లు, బాయిలర్ కడిగేవాళ్లు. ఫైర్‌మన్ చూపు గాజు మీద ఉంటే చాలు. పద్దెనిమిదేళ్లలో ఒక్కనాడైనా ఈ నీళ్లు ఎక్కడివని ఇద్రీస్ అడగలేదు. ఇక్కడా అడగలేదు.

గ్లాసు కింద పెట్టి గబగబా నడిచాడు. డబ్బాల్లో నలభై మంది పిల్లలు. గాజులో నీళ్లు పొద్దున ఏ గీత దగ్గర ఉన్నాయో అక్కడే ఉన్నాయి. ఒక చుట్టు తిరిగాక అంతే ఉండవు. మర తిప్పాడు. నీళ్లు పోయాయి. కట్టేశాడు. పది లెక్కపెట్టాడు. ఒక్క చుక్క కూడా పైకి రాలేదు.

"దిగుండ్రి! అందరు దిగుండ్రి! దూరం పోండ్రి!"

"ఎక్కిచ్చుడెందుకు, దించుడెందుకు?" అని అరిచాడు బీరప్ప. "గొర్లను తోలినట్టు తోలుతున్నవేంది, ముసలోడా?" అరుస్తూనే మనవరాలిని చంకనేసుకుని పరుగెత్తాడు.

దామోదర్ ఉరికొచ్చాడు. "నీళ్లు తక్కువైతే పోయరాదు చాచా! గిందరి ముందట ఇజ్జత్ తీయకు!"

"కాలిన రేకు మీద ఇప్పుడు పోస్తే పేలుతది సాబ్. మంట దించాలె. నువ్వు గూడ దూరం పో."

ఇంజన్‌లో మంట దించడమంటే మామూలు మాట కాదు. దారి మధ్యలో పొయ్యి ఆర్పిన ఫైర్‌మన్‌ను రైల్వే షెడ్డులో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. పొయ్యి ఆర్పినోడు అనేవారు. చాయ్ దగ్గర వాడి పక్కన కూర్చునేవారు కాదు. వాన కురిసినా, జ్వరం కాసినా ఇద్రీస్ ఆ పేరు తెచ్చుకోలేదు.

పొడుగు కొక్కెం తీసుకుని ఎర్రటి బొగ్గులు ఒక్కొక్క లాగుకు పట్టాల మీదికి లాగాడు. పొయ్యి ముందు నిలబడక తప్పని పని అది. పేలితే మొదట పోయేది అక్కడున్నవాడే. చివరి బొగ్గు కింద పడేదాకా అక్కడే ఉన్నాడు. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు మెల్లగా దిగింది.

ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. జనం నవ్వుకుంటూ ఇళ్లకు పోయారు.

మూడో రోజు కార్ఖానా నుంచి యోహాను అనే మిస్త్రీ వచ్చాడు. అతను ఇంజన్ విప్పకముందే దామోదర్ ఇద్రీస్‌ను పక్కకు పిలిచాడు.

"కార్ఖానా తప్పని రాపిస్త చాచా. నీ పేరు బయటికి రాదు. నువ్వు జర ఊకో."

ఇద్రీస్ వచ్చి ఇంజన్ పక్కన నిలబడ్డాడు. యోహాను విప్పాడు. బాయిలర్ లోపల వేలు మందాన తెల్లటి పెచ్చు. గాజుకు పోయే దారి గోడలా మూసుకుపోయింది. పొయ్యి పైరేకు కాలి నీలంగా తిరిగింది.

"ఇంకో చుట్టు తిరిగుంటే పేలుతుండె," అన్నాడు యోహాను. "నీళ్లెవరు చూసుకుంటున్నరు?"

దామోదర్ గొంతు సవరించుకున్నాడు. ఇద్రీస్ ముందుకొచ్చాడు.

"నేనే. పొద్దున మర తిప్పలె. నీళ్లెసుంటియో ఇరవై రోజులు అడగలె. ఇంజన్ల తప్పు లేదు, రాసుకో. పొయ్యి ఆర్పినోణ్ని నేనే."

యోహాను రాసి చదివి వినిపించాడు. ఇద్రీస్ కింద ఉర్దూలో సంతకం చేశాడు.

సాయంత్రం దామోదర్ మెల్లగా అన్నాడు: "ఇగ బ్యాటరీ మోటరు పెట్టిస్త. పొగకు మిషినుంటది, కూతకు బటనుంటది. నువ్వు టోపీ పెట్టుకొని ముందల కూసో చాచా. పిల్లలు ఫోటోలు దిగుతరు."

"కూసోను సాబ్. కానీ ఒక్కటి అడుగుత. గది బొగ్గింజనని మాత్రం పిల్లలకు చెప్పకుండ్రి."

దామోదర్ తల ఊపాడు. మర్నాడు ఇద్రీస్ పార, కొక్కెం కడిగి గోడకు ఆనించి, ఆలేరు పోవడానికి రోడ్డు దాటి నల్లగొండ బస్సు ఎక్కాడు.

ఇది రాసింది పెండెం బిక్షమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది నకిరేకల్‌లో, చెల్లెలి ఇంటి పక్క గదిలో.