సాగిన బెల్టు

టైలరు దుకాణంలో కొలతలు తీసేది ఆయన భార్య. ముందుగదిలో ఆమె కొలతలు పైకి చెబుతుంటే బల్లమీది టేప్ రికార్డరు వాటిని పట్టుకునేది. తర్వాత ఆ పెట్టెను వెనకగదికి తెచ్చుకుని, ఆయన ఒక్కో అంకె దగ్గరా ఆపుకుంటూ గుడ్డ కత్తిరించేవాడు. ఆ పెట్టెకున్న మీట పెద్దది. చేతిలో కత్తెర వదలకుండా మోచేత్తో నొక్కేవాడు. క్యాసెట్టు ఒకటే. ఈ రోజు కొలతల మీదే రేపటివి ఎక్కేవి.

అలా ఆఖరి రోజువి మాత్రం మిగిలాయి. అవి ఎక్కిన నాలుగో నాడు ఆమె మంచం పట్టింది. పదిహేనో నాటికి లేదు.

మూడేళ్ళుగా ఆయన రోజూ వింటున్నాడు. ఆమె గొంతు నీరసంగా, మాట ఈడ్చుకుంటూ వస్తుంది. ఇది ముందుగా తెలిసే జబ్బు కాదని డాక్టరు చెప్పాడు. డాక్టరు ఈ క్యాసెట్టు వినలేదు. జబ్బు సంగతి అంత స్పష్టంగా గొంతు చెబుతుంటే తను తలెత్తకుండా గుడ్డ కత్తిరించుకున్నాడు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు.

పోయిన వారం పెట్టె ఆగిపోయింది. కూతురు కొత్తది కొనుక్కొచ్చి క్యాసెట్టు పెట్టింది. రెండు మాటలు విన్నాడో లేదో, ఆపేశాడు.

"ఇది మీ అమ్మ కాదు. ఎవరో తరుముతున్నట్టు ఆ పరుగేంటి?"

"నాకు అచ్చం అమ్మలాగే ఉంది నాన్నా."

"నీకేం తెలుసు?"

"బాగుంది! తిట్లన్నీ తిన్నది నేను. నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుసు?"

ఆయన రేడియోలు బాగుచేసే అతనికి కబురుపెట్టాడు. అతన్ని అందరూ గరగర అంటారు. వచ్చి, పెట్టె విప్పి, పెదవి విరిచాడు.

"మోటారుకి ఓపిక అయిపోయింది బాబాయ్. కొత్తది వచ్చిందిగా, దీన్ని నాకిచ్చెయ్. సామాన్లు పీక్కుంటా."

"నిన్ను పీకుతాను. బాగవుతుందా లేదా చెప్పు."

"బెల్టు సాగినకొద్దీ టేపు నెమ్మదిగా తిరుగుతుంది. మారిస్తే కొన్నాళ్ళు లాగుతుంది. కానీ ఒక సంగతి. అప్పుడు పిన్ని గొంతు ఇందులోనూ ఆ కొత్తదాంట్లోలాగే వస్తుంది. ఆలోచించుకో."

గరగర పాత బెల్టునీ కొత్త బెల్టునీ కత్తిరింపు బల్లమీద పక్కపక్కన పెట్టాడు. టైలరు చెయ్యి అలవాటుగా మెడలో ఉన్న కొలతపట్టీ మీదికి పోయింది. పాతది ముప్పావు అంగుళం ఎక్కువ. రెండోసారి కొలిచాడు. అంతే. సాగిన పట్టీ అబద్ధం చెబుతుందని ఏడాదికోసారి తన కొలతపట్టీ పారేసే మనిషాయన.

అయినా ఒప్పుకోలేదు. "బెల్టు సంగతి సరే. ఆవిడ గొంతుకి సాక్ష్యం ఏదీ?"

కూతురు గోడవైపు చూసింది. "క్యాసెట్టులో మన గడియారం కొడుతుంది కదా నాన్నా. నాలుగు గంటలు."

గరగర స్టూలెక్కి గడియారం ముల్లు నాలుగు దాకా తిప్పాడు. నాలుగు దెబ్బలూ ఖంగున మోగాయి. తర్వాత కూతురు కొత్త పెట్టెలో ఆ చోటు పెట్టింది. అదే ఖంగు, అదే ఎడం. టైలరు మళ్ళీ కొట్టించాడు. మళ్ళీ విన్నాడు. తేడా లేదు. పాత పెట్టెలో తను మూడేళ్ళుగా వింటున్న గంట బొంగురుగా, మునిగిపోతున్నట్టు ఉండేది.

"ఆపకు. నడవనీ," అన్నాడు.

"భుజం పదిహేడున్నర. ఊపిరి బిగబట్టకండి సార్, ఆ పొట్ట ఎక్కడికీ పోదు." ఎవరో నవ్వారు. ఆమె ఇంకా గట్టిగా నవ్వింది. "ఏమయ్యా, లోపల వింటున్నావా? పదిహేడున్నర! పోయినసారిలా పదహారున్నర కోశావంటే ఆ చొక్కా నీకే తొడిగి వీధిలో తిప్పుతా!"

ఒక్క గుక్కలో అనేసింది. ఈ మాటలే ఆయన ఇన్నాళ్ళూ ఓపిక లేని మనిషి బతిమాలుకుంటున్నట్టు విన్నాడు.

కొలతపట్టీ వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"మీ అమ్మకి ఆయాసం లేదే," అన్నాడు.

"ఎప్పుడు నాన్నా?"

"ఆ రోజు."

కూతురికి అప్పుడు అర్థమైంది. వచ్చి పక్కన కూర్చుంది.

"నువ్వు బెల్టు వేసెయ్ రా," అన్నాడు గరగరతో.

"కొత్తది ఉండగా ఇదెందుకు బాబాయ్?"

"దాని మీట నా మోచేతికి అందదు. కొత్తది అమ్మాయి తీసుకెళ్తుంది. ఇంకో క్యాసెట్టు మీదికి ఎక్కించి ఇవ్వు. దాని వాటా తిట్లు దానికీ ఉండాలి."

బెల్టు వేసి గరగర వెళ్ళిపోయాడు. గడియారం ముల్లు సరిచేయడం ఎవరికీ గుర్తులేదు. ఉదయం పదకొండింటికి దుకాణంలో నాలుగు దాటింది. టైలరు బల్లమీద గుడ్డ పరిచి, కత్తెర చేతిలోకి తీసుకుని, మోచేత్తో మీట నొక్కాడు.

"ఏమయ్యా, లోపల వింటున్నావా?"

"ఆఁ," అన్నాడాయన, తలెత్తి.