నవ్వినా రోగమేనా

అది 2009, మే నెల. పదో తరగతి ఫలితాల్లో మరియా ఫస్ట్ క్లాసులో పాసైందని తెలియగానే తల్లి రూతు ఇంట్లో నిలవలేకపోయింది. నాచారంలో తాముండే గల్లీ అంతా తిరిగి ఇంటింటికీ చెప్పింది. ఇంటికి వస్తూనే పాట అందుకుని, మధ్యలోనే ఆపి అంది.

"ఆదివారం చర్చి మొత్తాన్ని పిలుద్దాం. బిర్యానీ నేనే వండుత!"

భర్త సంజీవరావు, మరియా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నిద్ర మంచిగ పడుతుందా, రూతూ?" అన్నాడు సంజీవరావు మెల్లగా.

రూతుకు ఒళ్లు మండింది. "బిడ్డ పాసైతే నవ్వొద్దా? నవ్వినా రోగమేనా?" చెప్పులేసుకుని బయటపడింది.

వాళ్ల భయం ఆమెకు తెలియంది కాదు. రెండేళ్ల కిందట ఇలాంటి హుషారే ముదిరి, ఉప్పల్ రింగురోడ్డు మధ్యలో నిలబడి వచ్చేపోయే బస్సులకు బైబిల్ వాక్యం చెప్పింది. ఆ తర్వాత నెలల తరబడి మంచం దిగలేదు. తల దువ్వుకోవడం కూడా చేతకాలేదు. డాక్టరు ఇది హుషారు, దిగులు మార్చి మార్చి ముంచే బైపోలార్ జబ్బు అని చెప్పి మాత్రలు రాశాడు. అవి వేసుకుంటూనే మల్లాపూర్‌లో కుట్టుపనికి మళ్లీ వెళ్తోంది.

ఉప్పల్ వెళ్లే షేర్ ఆటో ఎక్కి, పక్కనున్నామెకు కూతురి సంగతి చెప్పింది.

"మంచిదక్కా" అందామె.

రూతు ఆగలేదు. మరియాను డాక్టర్ని చేస్తుంది, రామంతాపూర్‌లో ఇల్లు కడుతుంది, గల్లీ పిల్లలందరికీ బడి పెడుతుంది... ఒక మాట పూర్తికాకముందే ఇంకోటి తోసుకొస్తోంది. పక్కనామె సంచి ఒళ్లోకి లాక్కుని అంచుకు జరిగింది.

రూతు నోరు మూసుకుంది. లోపల మాటలు మాత్రం ఆగలేదు. రెండేళ్ల కిందటి ఆ పరుగును ఆమె గుర్తుపట్టింది.

దిగగానే భర్తకు ఫోన్ చేసింది. "మరియా నాయినా, ఉప్పల్ల ఉన్న, జల్ది రా. దవాఖానకు పోదాం. మూడు నాలుగు దినాల సంది సరిగ్గ పండుకుంటలేను. నీకు చెప్పలే."

సంజీవరావు స్కూటర్ మీద వచ్చాడు. వెనక మరియా, కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నా మార్కులతోనే నీకు మళ్లొచ్చిందా, అమ్మా?"

"గట్లనకు బిడ్డా. నీ మార్కులతోని వచ్చింది సంతోషం. నిద్ర అంతకు ముందే పోయింది."

డాక్టరు మాత్రలు మార్చాడు. ముందు నిద్ర సరిపడా పోవాలన్నాడు.

"మా అమ్మ సంతోషంగ ఉన్నదో, బీమారి ఉన్నదో ఎట్ల తెలుస్తది సార్?" అంది మరియా.

కుర్చీ కింద రూతు కాళ్లు ఊగుతూనే ఉన్నాయి. డాక్టరు కంటే ముందే ఆమె అందుకుంది.

"నన్నే అడుగు. దొంగసూపులు సూడొద్దు. అడిగితే నాకు కోపమొస్తది. అయినా అడుగు."

ఆ వారమంతా మరియా అడిగింది. రూతు కసురుకుంటూనే, ప్రతిసారీ ఉన్నదున్నట్టు చెప్పింది.