తొందర లేని కాళ్లు

యాభై రెండో ఏట సిటీ బస్సు డ్రైవరమ్మకు మోకాళ్లు మొండికేశాయి. డ్యూటీ దిగి నాలుగడుగులు వేసేసరికి ప్రాణం ఉసూరుమనేది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, "గుండె గట్టిగానే ఉంది. కాళ్లకే పని తక్కువైంది. వ్యాయామం మొదలుపెట్టండి, మెల్లగా" అన్నాడు.

ఆ చివరి మాట ఆమె చెవికెక్కలేదు. మర్నాడు పొద్దున్నే పార్కు చుట్టూ పరుగు లంకించుకుంది. ఏడో చుట్టులో పిక్క పట్టేసి బెంచీ మీద కూలబడింది.

చూడ్డానికి వచ్చిన వదిన ముప్పై ఏళ్లు బళ్లో డ్రిల్లు టీచరుగా చేసిన మనిషి. సంగతి విని పకపకా నవ్వింది.

"నవ్వకు వదినా, ఒళ్లు మండుతోంది! చిన్నప్పుడు పరుగుపందెంలో నేనే ఫస్టు."

"ఆ కాళ్లు వేరు, ఈ కాళ్లు వేరు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలు. ముందు నొప్పి పూర్తిగా తగ్గనీ."

తగ్గాక, వదిన వంటింటి కుర్చీని గోడకు ఆనించి ఆమెను కూర్చోబెట్టింది. "చేతులు ఆనించకుండా లే. ఇప్పుడు కూర్చో. ధబీమని కాదు, నిదానంగా."

పదోసారికి తొడలు వణికాయి. "ఇంతేనా?" అంది డ్రైవరమ్మ రొప్పుతూనే.

"ఇవాళ్టికింతే. రేపు నడక, ఎల్లుండి మళ్లీ కుర్చీ. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి, పాట మాత్రం రాకూడదు. అదీ నీ వేగం. ఛాతీ బరువెక్కినా, కళ్లు తిరిగినా ఆగిపో, మొహమాటపడకు."

మాటలకేం కొదవ! నడకలో ఇద్దరూ కలిసి చుట్టాలందర్నీ చెరిగిపారేసేవారు. కుర్చీ మీద లేచి కూర్చోవడం పది కాస్తా పదిహేనైంది, పదిహేను ఇరవై అయింది. వానొచ్చిన రోజుల్లో గోడను రెండు చేతులతో నెట్టడం నేర్చుకుంది.

నాలుగో నెలలో ఒక పెద్దావిడ బస్సు ఎక్కబోయి మెట్టు దగ్గర చతికిలపడింది. డ్రైవరమ్మ గబగబా దిగి, "దెబ్బేమైనా తగిలిందా పిన్నిగారూ?" అని అడిగి, లేదని తేలాక గొంతుక్కూర్చుని, చంకల కింద చేతులు వేసి, ఆమెతో పాటే నిటారుగా లేచింది. మోకాలు కిక్కురుమనలేదు. డ్రైవరమ్మ లోలోపల పొంగిపోయింది.

కండక్టరు నోరు వెళ్లబెట్టాడు. "ఏం తింటున్నారక్కా?"

"ఆదివారం పార్కుకి రా, చెప్తా."

ఆ ఆదివారం డ్రైవరమ్మ, కండక్టరు, డిపోవాళ్లు మరో ముగ్గురు, మొత్తం అయిదుగురు వరసగా నిలబడ్డారు. వదిన ఈల వేసి, "పొట్టలు లోపలికి!" అంది. నాలుగు పొట్టలు మాట విన్నాయి. కండక్టరుది మాత్రం ససేమిరా అంది.