కుర్చీల కొట్టులో నిలువు మీటింగు

కుర్చీలు చేసే కొట్టులో కూర్చోకూడదని ఆజ్ఞ వచ్చిందంటే ఎవరైనా నమ్ముతారా? వచ్చింది. యజమానిగారి అల్లుడు ఎక్కడో పది రోజుల శిక్షణకు వెళ్ళి వచ్చాడు. రాగానే సోమవారం పొద్దున ఎనిమిదింటికి పనివాళ్ళు నలుగురినీ కొట్టు మధ్యలో నిలబెట్టాడు.

నలుగురంటే వడ్రంగి, పాలిష్ పెట్టే ముసలాయన, దిండ్లు కుట్టే అమ్మాయి, పేము అల్లే పిన్ని. ఈ పిన్ని వాళ్ళలో ఎవరికీ సొంత పిన్ని కాదు. ఇరవై రెండేళ్ళుగా కిటికీ పక్కన పీట వేసుకుని కుర్చీ చట్రాలకు పేము అల్లుతోంది. వచ్చినవాళ్ళల్లా ముందు ఆవిడను పలకరించేవారు. అలా అందరికీ పిన్ని అయిపోయింది.

"రోజూ పావుగంట, అంతే," అన్నాడు అల్లుడుగారు. "ఒక్కొక్కరు మూడు ముక్కలు చెప్పాలి. నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, పనికి ఏం అడ్డం వస్తోంది. కూర్చుంటే కబుర్లు సాగుతాయి. నిలబడితే కాళ్ళు పీకి మాట తగ్గుతుంది. అదీ కిటుకు."

"నాకు కూర్చుంటేనే మాట తగ్గుతుంది బాబూ," అన్నాడు ముసలాయన. "నిద్రొచ్చేస్తుంది."

నిజం చెప్పుకోవాలి, మొదటిరోజు ఆ మీటింగు మంచే చేసింది. పిన్ని వంతు వచ్చినప్పుడు, "ఏముంది, చట్రానికి బెజ్జాలు పెద్దవి చేసుకునేసరికే సగం పూట అవుతోంది," అంది.

వడ్రంగి నోరు తెరిచాడు. "పెద్దవి చేసుకుంటున్నారా? అదేంటి పిన్నీ! చిన్నవైతే అల్లిక బిగువుగా ఉంటుందని, మీకోసమే మూడు కొట్లు తిరిగి సన్న బరమా కొన్నా."

"నాకోసమా? నువ్వు పిసినారితనంతో చిన్నవి కొడుతున్నావనుకున్నాను కదరా!"

"ఎన్నేళ్ళ నుంచి?"

"తొమ్మిదేళ్ళ నుంచి."

తొమ్మిదేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఒకే కుండలో నీళ్ళు తాగి, ఆ ఒక్క ముక్క అనుకోలేదు వాళ్ళు. అల్లుడుగారి ముఖం చాటంత అయింది. మర్నాటికి లావు బరమా వచ్చేసింది.

మంగళవారం పిన్ని సెలవు అడిగింది. ఆవిడకో అక్క ఉంది. ముప్పై ఏళ్ళుగా ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. అక్కకు మోకాలికి ఆపరేషన్ అయింది. శనివారం పదింటికి ఆస్పత్రి నుంచి ఇంటికి పంపిస్తామన్నారు. "పదింటికి గేటు దగ్గర నువ్వు కనపడాలి. కనపడలేదో, మరదలు బండి తెస్తానంది, ఎక్కి వాళ్ళింటికి పోతా. మళ్ళీ నీ గడప తొక్కితే ఒట్టు," అని అక్క తెగేసి చెప్పింది. అక్క అన్నదంటే అన్నదే. ఒకసారి పాలవాడు ఎదురు మాట్లాడాడని ఆరేళ్ళు పాలు ముట్టని మనిషి.

"తప్పకుండా వెళ్ళండి పిన్నిగారూ," అన్నాడు అల్లుడుగారు. "లైబ్రరీవాళ్ళ ఎనిమిది కుర్చీలు శుక్రవారం సాయంత్రానికి అల్లేస్తే శనివారం సెలవు."

రోజుకు రెండు. బెజ్జాల పని తప్పాక అదేం పెద్ద లెక్క కాదు. పిన్ని గుండె నిమ్మళించింది.

అంతా కొట్టువాళ్ళ చేతుల దురద వల్లే చెడింది. ఆ రోజు మీటింగులో ముసలాయన కాళ్ళు వణికాయి. కుర్చీలు చేసేవాడి ఎదుట మనిషి నిలబడి అవస్థ పడుతుంటే వాడి చేతులు ఊరుకుంటాయా? మధ్యాహ్నానికల్లా వడ్రంగి ఒక వింత వస్తువు తయారుచేశాడు. కింద వెడల్పు దిమ్మ, వెనక ఆనుకోవడానికి నిలువు చట్రం, చంకల కింద రెండు చేతులు, నడుము దగ్గర బెత్తెడు గట్టు. అందులో ఇమిడితే మనిషి నిలబడే ఉంటాడు, బరువు మాత్రం కాళ్ళ మీద పడదు. ముసలాయన మురిసిపోయి పాలిష్ కొట్టాడు. అమ్మాయి చిట్టి దిండు కుట్టింది. పిన్ని కూడా మనిషే కదా, వీపు దగ్గర పేము అల్లి పెట్టింది. ఒకటి అయ్యాక తలా ఒకటి కావాలన్నారు. ఐదు నిలువు కుర్చీలు అయ్యేసరికి పిన్ని చెయ్యి లైబ్రరీ కుర్చీ ఒక్కదానిమీదా పడలేదు.

"ఇది కూర్చోవడం కిందికి రాదు కదా?" అని అనుమానపడ్డాడు అల్లుడుగారు.

"పాదాలు నేలమీదే ఉన్నాయిగా బాబూ," అన్నాడు వడ్రంగి.

ఇక చూడండి. కాళ్ళు పీకితే కదా మీటింగు ఆగేది! బుధవారం మీటింగు భోజనాలదాకా సాగింది. గురువారం పొద్దు వాలేదాకా సాగింది. పిన్ని పొద్దున్నే నానబెట్టిన పేము తొట్టిలోనే నాని నాని నల్లబడింది. మీటింగు మధ్యలో పరుగెత్తి తీసి ఆరబెడితే, ఈసారి అతిగా ఎండి చేతిలో పటుక్కున విరిగింది.

"నిన్న ఏం చేశారు పిన్నిగారూ?"

"మీటింగులో ఉన్నా."

"ఇవాళ ఏం చేస్తారు?"

"మీటింగులో ఉంటా."

"ఏం అడ్డం వస్తోంది?"

"మీటింగే నాయనా!"

అల్లుడుగారు ఆ మాట బోర్డు మీద రాసి కింద గీత గీశాడు. "చాలా ముఖ్యమైన విషయం. దీని గురించి మధ్యాహ్నం విడిగా ఒక మీటింగు పెట్టుకుందాం."

"నిలబడేనా అన్నా?" అంది దిండ్ల అమ్మాయి.

"నిలబడే."

ముసలాయన తన చట్రంలో గుర్రు పెట్టి నిద్రపోయాడు. తల ముందుకు వాలింది కాబట్టి ఒప్పుకున్నట్టే రాసుకున్నారు.

శుక్రవారం సాయంత్రానికి ఎనిమిదిలో మూడు కుర్చీలే తేలాయి. చెప్పకుండా మానేస్తే కిటికీ పక్క పీట ఇంకొకరిదవుతుంది. చెప్పి అడిగితే సెలవు లేదంటాడు. ఇక్కడ పీట, అక్కడ అక్క. ఏం చేయాలో తోచక శనివారం ఎనిమిదింటికి కొట్టుకే వచ్చింది పిన్ని. ఆవిడ వంతు వచ్చేసరికి తొమ్మిదింబావు.

"నాకొక్కటే అడ్డం బాబూ. మా అక్క. పదింటికి గేటు దగ్గర నేను లేకపోతే నాకిక అక్క లేదు."

అల్లుడుగారు 'అక్క' అని బోర్డు మీద రాశాడు. తర్వాత శిక్షణ పుస్తకం తిరగేశాడు. "అడ్డం ఒకరిదైతే అది అందరిదీ. అది తీరేదాకా మీటింగు ముగియకూడదు," అని చదివాడు.

"అయితే తీర్చరాదూ! ఆస్పత్రి రెండు వీధుల అవతలే," అంది పిన్ని.

"మీటింగు కదలకూడదని ఎక్కడన్నా ఉందా?" అన్నాడు వడ్రంగి.

పేజీలన్నీ వెతికారు. ఎక్కడా లేదు.

అలా బయలుదేరింది మీటింగు. నిలువు కుర్చీలు భుజాన వేసుకుని ఒకరి వెనక ఒకరు వీధిలోకి దిగారు. ముందు పుస్తకంతో అల్లుడుగారు నడుస్తూ, దిండ్ల అమ్మాయిని నిన్న ఏం చేశావని అడుగుతూనే ఉన్నాడు. ఆ కొయ్యలు చూసి కూరలమ్మే ఆవిడ పక్కకు తప్పుకుని, "ఎవరు పోయారయ్యా?" అంది.

"ఇంకా ఎవరూ పోలేదమ్మా, మీటింగు," అన్నాడు ముసలాయన ఆయాసపడుతూ.

ఆస్పత్రి గేటు చేరేసరికి పదీ ఐదు. మరదలి బండి తలుపు తీసి ఉంది. అక్క చేతికర్ర పట్టుకుని ఒక కాలు లోపల పెట్టింది కూడా.

"అక్కా!" అని కేక పెట్టింది పిన్ని.

"పదయింది," అంది అక్క, వెనక్కి తిరక్కుండానే.

పిన్ని బండి దాకా పరుగెత్తి రొప్పుతోంది. మాట అందుకున్నది అల్లుడుగారే, ఆయనకు వచ్చిన మాటలే మూడు కదా. "అమ్మా, నిన్న మీరు ఏం చేశారు?"

అక్క తిరిగి చూసింది. కాలిబాట మీద కొయ్యలు దించుకుని, వాటిలో ఇమిడి, బుద్ధిగా నిలబడ్డ జనం.

"ఎవరే వీళ్ళు? నిన్న పడుకున్నా నాయనా."

"ఇవాళ ఏం చేస్తారు?"

"పోతున్నా. కనపడ్డంలా?"

"ఏం అడ్డం వస్తోంది?"

అక్క కర్ర ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "నాకేం అడ్డం లేదు. దానికి నేను అడ్డం. ఈ మోకాలు పట్టుకుని ఏడాదిగా చాకిరీ చేస్తోంది. ఒక్కరోజన్నా విసుక్కుంటుందా? నోరే తెరవదు. మనసులో ఏముందో నాకేం తెలుసు? పొమ్మనకుండా పొగబెట్టించుకోవడం ఎందుకని నేనే దారి చూసుకున్నా."

"విసుక్కోలేదని పోతున్నావా!" పిన్ని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇంటికి రా, రోజంతా విసుక్కుంటా."

"నీవల్ల కాదులే."

"ఎందుకు కాదూ! గడియ పెట్టి పడుకున్నదాన్ని మళ్ళీ లేపి చూడమంటావు. ఉప్పు ఎక్కువంటావు, తక్కువంటావు. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఇంకొకరి బండెక్కుతావు. సిగ్గులేదూ?"

అక్క ముఖం విప్పారింది. లోపల పెట్టిన కాలు మెల్లగా బయటికి తీసింది. "నువ్వు వెళ్ళవే, తర్వాత వస్తాలే," అని మరదలిని సాగనంపి, చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది.

"మరి మీటింగు ముగిసినట్టేనా?" అని అడిగాడు అల్లుడుగారు. ముసలాయన అప్పటికే నిద్రలో ఉన్నాడు. మిగిలినవాళ్ళు అక్కాచెల్లెళ్ళ వంక చూస్తున్నారు. సెలవు ఇచ్చారో లేదో పిన్ని అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

"ఇంతమందిని వీధికెక్కించావు," అంటూ నడుస్తోంది పిన్ని. "ఆ కర్ర సరిగ్గా పట్టుకో. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఊఁ, ఇంకా?" అంది అక్క, కుంటుకుంటూ.