మరక లేని రాజీనామా

"నిన్నటితో నువ్వు మానేశావుగా, మళ్లీ ఎందుకొచ్చావ్?" అన్నాడు మేనేజరు, ఫ్యాక్టరీ గేటు దగ్గర, మా అందరి ముందూ.

మేమంతా పెద్దక్క అని పిలిచే మనిషి, చేతిలో క్యారేజీతో అలాగే నిలబడిపోయింది. ఆమె ఏమీ మానెయ్యలేదు. ముందురోజు సాయంత్రందాకా మాతో కలిసి నీలం రంగు తొట్లలో బట్ట ముంచింది. చేసిన నేరమల్లా, చేతులు పుళ్లు పడుతున్నాయి, తొడుగులు ఇవ్వండని అడగడమే. మేనేజరు ఒక కాగితం ఆడించాడు. రాజీనామా. కింద ఆమె సంతకం.

నలభైమందిమీ చూశాం. ఒక్కళ్లమన్నా నోరెత్తామా? సిగ్గు విడిచి చెబుతున్నాను, తలలు దించుకుని లోపలికి పోయాం. ఆ కాగితం సంగతి మాకందరికీ తెలుసు. పనిలో చేరిన రోజున, ఉద్యోగం దొరికిందన్న సంబరంలో, తెల్ల కాగితం మీద సంతకం పెట్టేసిన మహా తెలివైనవాళ్లం మేము. "రూల్సమ్మా" అన్నారు, పెట్టేశాం. అవన్నీ మేనేజరు బీరువాలో దాచారు, నాదీ అందులోనే ఉంది.

పెద్దక్క కోర్టుకెక్కింది. ఆమె తరఫు వకీలమ్మ సాక్షి కోసం మా ఇళ్ల చుట్టూ తిరిగింది.

"సంజాయిషీ అడక్కుండా, విచారణ చెయ్యకుండా తీసేస్తే కోర్టు ఒప్పుకోదమ్మా. అందుకే మేం తీసెయ్యలేదు, తనే మానేసింది అంటున్నారు. కాదని చెప్పే మనిషి ఒక్కరు కావాలి."

"పిల్లలు గలదాన్ని" అంది ఒకతె. మాలో అందరికంటే వాగుడెక్కువ గనక వసపిట్ట అని పిలుస్తామే, అది కూడా మొహమ్మీదే తలుపేసింది. చివరికి నేను ఒప్పుకున్నాను. ధైర్యమనుకునేరు! నాకు పని నేర్పింది పెద్దక్కే, కాదనలేకపోయాను.

"నీకేమైనా పిచ్చా? రేపు నిన్నూ తీసేస్తే ఇల్లెలా గడుస్తుందే?" అన్నాడు మా ఆయన.

వాయిదా రోజున బోనెక్కాను. కంపెనీ వకీలు రాజీనామా కాగితం నా చేతికిచ్చాడు.

"ఈ సంతకం ఆమెదేనా?"

"ఆమెదేనండి."

"ఆమెదేనట! ఇంకేముందండీ?" అని జడ్జిగారి వైపు తిరిగాడు. పెద్దక్క కళ్లు మూసుకుంది. అయ్యో, సాయానికొచ్చి కొంప ముంచానే!

కాగితం వెనక్కి తీసుకుంటూ అతను కసిరాడు. "ఏంటిది? మరక చేశావ్!"

అంచున నా వేలిముద్ర, నీలంగా. భయానికి అరచేతులు చెమర్చాయి.

"మా చేతులంతేనండి. ఎంత తోమినా రంగు పోదు, చెమట పట్టిందంటే దేనికైనా అంటుతుంది. హాజరు పుస్తకం చూడండి, రోజూ సంతకాలు పెడతామా, ప్రతి పేజీ నీలమే..." అంటూనే ఆగిపోయాను. కాగితం కేసి చూశాను. నా మరక తప్ప ఇంకొకటి లేదు.

"అయ్యా, తొమ్మిదేళ్లు రంగులో నానిన చేత్తో పెట్టిన సంతకమైతే, కాగితం ఇంత తెల్లగా ఉంటుందాండీ? చేరిన రోజున ఖాళీ కాగితం మీద పెట్టించుకున్న సంతకమండి ఇది, అప్పుడైతే మా చేతులు శుభ్రంగానే ఉన్నాయి."

జడ్జిగారు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశారు.

"సంతకం ఆమెదైనంత మాత్రాన సరిపోదు. ఇష్టపడి రాజీనామా చేసిందని రుజువు చెయ్యాల్సింది కంపెనీయే. వచ్చే వాయిదాకి హాజరు పుస్తకం తెండి" అన్నారు.

గెలిచామనుకున్నారా? మర్నాడు పొద్దున గేటు దగ్గర మేనేజరు నా ముందుకు కాగితం చాచాడు.

"నువ్వూ మానేశావుగా. తీసుకో."

కింద నా సంతకం. మా ఆయన మొహం కళ్లముందు మెదిలింది. చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది.

"ముట్టుకోకే!"

వసపిట్ట కేక. అందర్నీ తోసుకుంటూ వచ్చింది. చేతిరుమాలు మడిచి, దానితో అంచు పట్టుకుని, కాగితాన్ని మేనేజరు చేతిలోంచి లాగేసింది.

"చూడు, ఎంత తెల్లగా ఉందో! ఇలాగే జడ్జిగారికిద్దాం." తర్వాత మేనేజరు వైపు తిరిగింది. "నాదీ తెండి సార్. బీరువాలోనే ఉంటుంది."

"నాదీ తెండి" అంది పిల్లలు గలామె.

"మావీ!"

ఎవరూ లోపలికి కదల్లేదు. ఎక్కడ మరక అంటుతుందోనని అందరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు మేనేజరు. పిలవమన్నాం.

నా భయం తగ్గలేదు, అబద్ధమెందుకు. కానీ ఆ రోజు తొట్లలోకి ఒక్క బట్టా దిగలేదు.