కాగజ్‌నగర్ వాళ్లకు ఆరాధన చెప్పిన దారి

పెండ్లికి పది రోజులుందనగా, కాగజ్‌నగర్ నుంచి రావలసిన పదకొండు మంది కోసం ఆరాధన ఒక వాయిస్ మెసేజ్ తయారుచేసింది. కార్డు మీద అడ్రసు అచ్చువేయిస్తే సరిపోదు, వాళ్లలో చదవగలిగినవాళ్లు ముగ్గురే. నాలుగు నిమిషాల మాటల కోసం ఆరుసార్లు రికార్డు చేసింది. రెండుసార్లు నవ్వొచ్చి ఆపింది, ఒకసారి పక్కింటి కుక్కర్ కూసింది.

"అందరు మంచిగ ఇనుండ్రి. పొద్దుగాల రైలెక్కుండ్రి. మంచిర్యాల దాటంగనే గోదారొస్తది, పోరగాండ్లు నిద్రపోతే లేపుండ్రి. పెద్దపల్లిల దిగాలె. నిద్రపోయి కాజీపేట దాక పోయిండ్రనుకో, నా పెండ్లి అయిపోతది, మీకు కూరల బొక్కలే మిగుల్తయి. పెద్దపల్లి నుంచి కరీంనగర్ బస్సు. మన లాడ్జి బస్టాండ్ ఎన్కనే. మీ అందరి పేర్లు రాసిచ్చిన. లచ్చయ్య కాకా, నీకే చెప్తున్న, కౌంటర్ కాడ లొల్లి పెట్టకు. ఎవ్వరు ఏం మాట్లాడకుండ్రి. ఆధార్ కార్డు చేతుల పెట్టి ఆరాధన పెండ్లి అనుండ్రి, తాళం మీ చేతికొస్తది. వేడినీళ్లు ఆరింటి నుంచి ఎనిమిది దాకనే. లాడ్జి కింద చాయ్ నీళ్లోలె ఉంటది, సందు మలుపు మీద ముసలాయన బండి కాడ తాగుండ్రి. తెల్లారి తొమ్మిదింటికి చొప్పదండి చర్చికి వ్యాన్ వస్తది."

చివర్న గొంతు కొంచెం తగ్గించి, ఒక్కరి కోసం ఇంకో ముక్క చెప్పింది. "పెద్దమ్మా, వాళ్లందరు రైలిడిసి జీపు మాట్లాడుకున్నా, జీపుల నీకు కక్కులైతయి, నువ్వు రైలుకే రా. మాపటికి నేనే లాడ్జికొస్త. తెల్లారి నెత్తి దువ్వేది నువ్వే. ఇంకెవ్వలను చెయ్యి వెట్టనియ్య."

పెద్దమ్మ అంటే రిబ్కమ్మ. రక్తసంబంధం ఏమీ లేదు. కాగజ్‌నగర్ పేపర్ మిల్లు క్వార్టర్లలో పక్క గుమ్మం. ఆరాధనకు తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోతే, మరునాటి నుంచి బడికి జడ వేసింది రిబ్కమ్మే. మిల్లు మూతపడి, తండ్రి జేమ్స్ ఆరాధనను తీసుకుని కరీంనగర్ వచ్చి రైస్ మిల్లులో పనికి కుదిరేదాకా రోజూ వేసింది. తల్లి చేయాల్సిన పని పెండ్లినాడు ఎవరు చేస్తారని మేనత్తలు అడిగినప్పుడు, ఆరాధన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

కానీ రిబ్కమ్మ రాలేదు.

పెండ్లి ముందు రోజు పొద్దుగూకిన తర్వాత ఆమె జేమ్స్‌కు ఫోన్ చేసింది. మోకాళ్లు పట్టుకున్నాయనీ, ఇల్లు కదలలేననీ, పిల్లకు చెప్పమనీ. జేమ్స్ వచ్చి చెప్పినప్పుడు ఆరాధన మెహందీ చేతులు గాల్లో పెట్టుకునే ఏడ్చింది. తర్వాత కోపమొచ్చింది. తెల్లారి బ్యూటీపార్లర్ అమ్మాయి పిన్నులు గుచ్చుతూ "నొప్పి లేస్తున్నదా అక్కా?" అని మూడుసార్లు అడిగింది. నొప్పి పిన్నులది కాదని ఎట్లా చెప్పడం?

పెండ్లి మాత్రం బాగా జరిగింది. ఉంగరాలు మార్చుకునేటప్పుడు పెండ్లికొడుకు బెన్నీ చేతిలోంచి ఉంగరం జారి పాస్టరు గారి చెప్పు కిందికి పోయింది. అందరూ నవ్వారు. ఆ తర్వాతి నాలుగు రోజులూ ఆరాధనకు ప్రతిదీ కొత్తగా, ముద్దుగా ఉంది. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు. తడి తువ్వాల తలుపు మీద ఆరేసే అతని అలవాటు. చాయ్ చల్లారాక తాగుతాడు, మళ్లీ వేడి లేదంటాడు. ఒంటరిగా ఉన్నప్పుడు తనకు తాను "బెన్నీ వాళ్లావిడ" అనుకుని నవ్వుకునేది. ఆ నవ్వు మధ్యలో పెద్దమ్మ గుర్తొస్తే చిన్న ముల్లు గుచ్చుకున్నట్టుండేది. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

ఐదో రోజు లచ్చయ్య కాక లాడ్జిలో మరిచిపోయిన చార్జర్ కోసం ఇద్దరూ బండి మీద వెళ్లారు. కౌంటర్ దగ్గర శ్రీహరి అనే గుమాస్తా ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, మర్యాదస్తుడు. చార్జర్‌ను దారంతో చుట్టి, చీటీ రాసి దాచిపెట్టాడు.

"మీవోళ్లు మస్తు మంచోళ్లు మేడం," అన్నాడు. "గా లచ్చయ్య సారైతే బకెట్ చిన్నగుందని నాతోని ఒక గంట కొట్లాడిండు."

ఆరాధన నవ్వింది. "వద్దని మెసేజ్ల చెప్పిన గూడ! రూములన్ని వాడుకున్నరా?"

"ఒక్కటి వాడలే. నూట నాలుగు. రిబ్కమ్మ అని రాసిండ్రు సూడుండ్రి, ఆమె రాలే."

"అవును, ఆమెకు మోకాళ్లు బాగలేవు."

"మీవోళ్ల జీపు రాకముందే, మీ పెండ్లని చెప్పి వేరే ఒకామె వచ్చింది. పెద్దమనిషి. అయితే లిస్టుల లేదు. మీకు ఫోన్ గూడ చేసిన, యాదికున్నదా? దేవవ్వ."

ఆరాధన చేతిలో చార్జర్ అట్లాగే ఉండిపోయింది.

గుర్తొచ్చింది. సాయంత్రం నాలుగు గంటలకు. రెండు చేతులకూ తడి మెహందీ. చిన్నాన్న కూతురు ఏంజెల్ ఫోన్ స్పీకర్లో పెట్టి పట్టుకుంది. చుట్టూ బెన్నీ మేనత్తలు, పాట, అరుపులు. అత్తగారి వైపు వాళ్లు వింటున్నారని ఆరాధన టీవీలో మాట్లాడేవాళ్లలాగా మాట్లాడింది. "దేవవ్వా? మా వాళ్లలో ఆ పేరు గల వాళ్లు ఎవరూ లేరండీ. ఇవాళ ఊరంతా పెళ్లిళ్లే కదా, వేరే పెళ్లి వాళ్లేమో చూడండి." ఆ తర్వాత ఏంజెల్ ఏదో అంటే గట్టిగా నవ్వింది కూడా.

"మీరు నాతో మాట్లాడినప్పుడు," అంది ఆరాధన, "ఆమె ఎక్కడుంది?"

"గిక్కడనే మేడం. మీరు నిలవడ్డ జాగలనే. ఆమెకు గూడ ఇనవడాలెనని నేను స్పీకర్ల పెట్టిన. మల్లొక్కసారి చేస్తనమ్మా, నువ్వే మాట్లాడమన్న. వద్దు బిడ్డా, గా పిల్ల గొంతే అది అన్నది. కార్డు కొంగుకు ముడేసుకొని మెట్లు దిగింది. నీళ్లు తాగి పొమ్మన్న గని తాగలే."

బెన్నీకి ఏమీ అర్థం కాలేదు. "ఎవరామె?" అన్నాడు.

"పెద్దమ్మ," అంది ఆరాధన.

మెట్ల మీద కూర్చుని అతనికి చెప్పింది. రిబ్కమ్మ ఆసిఫాబాద్ దగ్గర పల్లెలో దేవవ్వగా పుట్టింది. మిల్లు కార్మికుడు ఏలియాను చేసుకున్నాక బాప్తిస్మం తీసుకుంటే, సంఘంలో రిబ్కమ్మ అయింది. కాయితాల్లో మాత్రం ఆ పాత పేరే ఉండిపోయింది. ఆ పేరుతో ఆమెను పిలిచేవాళ్లు ఒక్కొక్కరే పోయారు. ఏలియా చనిపోయినప్పుడు పింఛను ఫారం నింపింది పదో తరగతి ఆరాధనే. దేవవ్వ, భర్త ఏలియా. వేలిముద్ర కోసం ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దింది కూడా తనే. అప్పుడు రిబ్కమ్మ అన్న మాట ఇప్పుడు ఒక్కో అక్షరంగా వినిపిస్తోంది: "గీ పేరు ఇగ నాకూ నీకే ఎరుక, పోరీ."

"మిగిలిన పదిమందికీ ఫోన్ చేసి కార్డు మీద పేరెట్లున్నదో అడిగి రాసిన," అంది ఆరాధన. "పెద్దమ్మనొక్కదాన్నే అడగలే. పెద్దమ్మ పేరు నాకు తెలువకపోవుడేందని."

"నువ్వు కావాలని అనలేదు కద."

"ఆమెకట్ల తెలువది కద బెన్నీ. అత్తగారోళ్ల ముందట కావాలనే ఎరుగనన్నదనుకుంది."

మరునాడు పొద్దున్నే బయలుదేరారు. కరీంనగర్ నుంచి పెద్దపల్లి బస్సు, అక్కడ రైలు. తను చెప్పిన దారే, వెనక నుంచి ముందుకు. గోదావరి వచ్చినప్పుడు ఎదురు సీటు పిల్లవాణ్ణి వాళ్లమ్మ లేపి చూపించింది. ఆరాధన కిటికీలోకి కాకుండా తన చేతుల్లోకి చూసుకుంది. మెహందీ ఇంకా ఎర్రగానే ఉంది. "పోంగనే కాళ్లు పట్టుకుంట," అంది. "తర్వాత మనింటికి తెచ్చుకుందం. పది రోజులుంచుకుందం."

"నెల ఉంచుకుందం," అన్నాడు బెన్నీ. అతను అట్లా అన్నందుకు ఆమెకు ఒక నిమిషం పాటు అన్నీ సర్దుకుంటాయనిపించింది.

రిబ్కమ్మ ఇప్పుడు పట్టాల అవతల రేకుల ఇంట్లో ఉంటోంది. వీళ్లు సందులోకి తిరగగానే ఎదురింటి కనకవ్వ చేటలో బియ్యం పక్కన పెట్టి లేచింది.

"ఓ రిబ్కమ్మా! నీ బిడ్డ వచ్చింది, అల్లున్ని గూడ తెచ్చింది!" అని కేకవేసి, ఆరాధన గడ్డం పట్టుకుంది. "మస్తు మంచిగ చూస్కున్నవంట బిడ్డా మా రిబ్కమ్మను. మూడొద్దులు, మూడు రాత్రులు పంపనే లేదంట గద! ముందటి కుర్చీల కూసోవెట్టినవంట. వచ్చినకాంచి గదే ముచ్చట. మాకు చెవులు నొప్పులు వెట్టినయి పో."

ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూడా చేరారు. ఆరాధన నోరు తెరిచింది. అప్పుడే గుమ్మంలో రిబ్కమ్మ కనిపించింది. చిక్కిపోయింది. ఉతికిన చీర, బిగించి వేసిన ముడి. ఆమె ఆరాధనను చూసింది. ఆ చూపులో కోపం లేదు. బడిలో జవాబు రాని పిల్ల పక్క పిల్ల వైపు చూసే చూపు.

"అవును," అంది ఆరాధన. "ముందటి కుర్చీలనే కూసున్నది."

"చెప్పలేదానే నేను," అంది రిబ్కమ్మ కనకవ్వతో. తర్వాత ఇటు తిరిగి, "రాండ్రి, కూసోండ్రి. ఎండల వడి వచ్చిండ్రు," అంది.

పోరీ అనలేదు. ఓసి అనలేదు. ఇద్దరినీ కలిపి అందేమోనని ఆరాధన సర్దుకోబోయింది. కానీ చాయ్ ఇచ్చేటప్పుడు ఆరాధన ఒక్కదానితోనే, "చక్కెర సరిపోయిందా అమ్మా? మీరు తక్కువ తాగుతరేమో," అంది. ఆ ఇంట్లో ఆరాధన ఎప్పుడూ స్టీలు గ్లాసులో తాగింది. ఇప్పుడు కొత్త కప్పు, కింద సాసరు.

కనకవ్వ గడపలోనే కూర్చుంది. "కోడి మాంసమా, యాట మాంసమా పెట్టింది? రిబ్కమ్మ ఒకసారి గదంటది, ఒకసారి గిదంటది."

"రెండు పెట్టిండ్రు," అన్నాడు బెన్నీ వెంటనే. ఆరాధన అతని వైపు చూసింది. మనిషికి ఇంత తొందరగా ఎట్లా అర్థమైందో! పెండ్లయిన ఆరు రోజుల్లో అతన్ని ఇంతగా ప్రేమించిన క్షణం లేదు, ఇంతగా ఏడుపొచ్చిన క్షణమూ లేదు.

"మరి నెత్తి ఎట్ల దువ్విందే?" అంది కనకవ్వ.

ఆరాధన కప్పు కింద పెట్టి, లేచి, రిబ్కమ్మ మోకాళ్ల ముందు నేల మీద కూర్చుంది. వీపు ఆమె వైపు తిప్పి జడ విప్పుకుంది. "దువ్వు పెద్దమ్మా," అంది. "వాళ్లు గూడ చూస్తరు."

వెనక నుంచి ఒక చేయి వచ్చి ఆమె తల మీద వాలింది. వెంట్రుకల్లోకి వెళ్లలేదు, మీదే ఆగింది.

"పెండ్లినాడు దువ్విన గద," అంది రిబ్కమ్మ మెల్లగా. "మల్లెందుకమ్మా. అయిపోయింది గా పని."

చేయి తీసేసింది. ఆరాధన తల వంచుకుని తన జడ తనే అల్లుకుంది. మూడు పాయలూ సరిగ్గా కుదరలేదు.

మాటలు నడిచాయి. కరీంనగర్‌లో అద్దెలు, మోకాళ్ల నూనె, మళ్లీ తెరిచిన మిల్లులో పిల్లలకు పని దొరుకుతుందా లేదా. మాతో రమ్మని బెన్నీ రెండుసార్లు అడిగాడు. "ఇగ యాడికి రాను అయ్యా, బస్సుల కాళ్లు గుంజుతయి," అని రెండుసార్లూ అంతే చెప్పింది. కనకవ్వ ఒక్క నిమిషం కూడా కదల్లేదు. కాళ్లు పట్టుకుంటానన్న ఆరాధన ఆమె కాళ్ల దగ్గరే కూర్చుని ఒక్క మాట అనలేకపోయింది. అంటే ఈ సందులో ఆమె చెప్పుకున్న పెండ్లి కూలిపోతుంది.

"ఫోన్ల ఫోటోలున్నయా? చూపియ్యి, మా రిబ్కమ్మ ఏడ కూసున్నదో," అంది కనకవ్వ ఉన్నట్టుండి.

"ఫోన్ల లేవు అవ్వా," అన్నాడు బెన్నీ జేబు మీద చేయి పెట్టుకుని. "ఆల్బం అయితున్నది."

"అయితే ఆల్బం తేవాలె. తెచ్చినంక పోనియ్య మిమ్ములను."

రైలు వేళ అవుతోందని రిబ్కమ్మే లేచింది. కనకవ్వ బియ్యం మీద పిచ్చుకలు వాలితే, ఆమె అటు పరుగెత్తింది. సందు మలుపు దాకా రిబ్కమ్మ వీళ్ల వెంట నడిచింది, ఒక చేయి గోడకు ఆనించుకుంటూ. బెన్నీ నాలుగడుగులు ముందుకు పోయి ఆగాడు.

"పెద్దమ్మా," అంది ఆరాధన, "గా ఫోన్ల నేను... గా పేరు నాకు యాదికి రాలే. ఒట్టు. గంతే."

"ఎరుకనే బిడ్డా."

బిడ్డా అనేసరికి ఆరాధనకు కళ్లల్లో నీళ్లు ఆగలేదు. "మరి మూడొద్దులు యాడున్నవ్?"

రిబ్కమ్మ కొంగు సవరించుకుంది. "మంచిర్యాల టేషన్ల. ఆడ జనం మస్తుంటరు, ఎవ్వలు ఎందుకున్నవని అడుగరు. నీళ్ల నల్ల ఉన్నది, బెంచీలున్నయి. నువ్వు చర్చిల నిలవడ్డ యాల్లకు నేను గాడనే ప్రార్థన చేసిన. తక్కువేం చెయ్యలే."

"నాకొక్క మాట చెప్పకపోతివి పెద్దమ్మా."

"ఏమని చెప్పుదు? గీ సందుల అందరికి నా బిడ్డ పెండ్లికి పోతున్ననని చెప్పి పోయిన. మల్లెట్ల రావాలె?"

దూరంగా రైలు కూత వినిపించింది. రిబ్కమ్మ ఆమె భుజం మీద చేయి వేసి, సందు వైపు ఒకసారి తిరిగి చూసి, గొంతు తగ్గించింది.

"ఎప్పుడన్న రా, నీ ఇష్టం. ఆల్బం మాత్రం తేకు."

"తేను పెద్దమ్మా," అంది ఆరాధన.